పత్రికలో వచ్చిన రహస్యం వేరు, బీరువాలో ఉన్న రహస్యం వేరు

ప్రశ్న: నేను రాజనీతి శాస్త్రం లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. పాకిస్తాన్‌లో పౌర ప్రభుత్వం మీద సైన్యం పెత్తనం గురించి పదకొండేళ్లుగా పుస్తకం రాస్తున్నాను. వికీలీక్స్ బయటపెట్టిన అమెరికా రాయబారుల కేబుళ్లు (తమ ప్రభుత్వానికి పంపిన నివేదికలు), ఇమ్రాన్ ఖాన్ కేసులోని సైఫర్ (సంకేత భాషలో పంపే దౌత్య సందేశం) పాఠం వాడుకున్నాను. ఇవి కాక, ఇస్లామాబాద్‌లోని మన హైకమిషన్‌లో పనిచేసి, తర్వాత చనిపోయిన మిత్రుడి ఇంటి నుంచి 2019లో 14 జిరాక్సు కాగితాలు నాకు చేరాయి. 1999 అక్టోబరులో ముషారఫ్ నవాజ్ షరీఫ్‌ను దించేసిన రోజులవి. పైన ‘సీక్రెట్’ ముద్ర ఉంది. ఏడో అధ్యాయమంతా వాటి మీదే నడిచింది. పబ్లిషర్ భయపడి రాతప్రతి తిప్పి పంపారు. మా ఆవిడకు నిద్ర లేదు, మా అబ్బాయి కాల్చేయమంటున్నాడు. పాతికేళ్లు దాటాయి కాబట్టి కాలపరిమితి తీరినట్టే కదా? మారుపేరుతో ముందు ఇంటర్నెట్లో పెట్టి, ‘ఇప్పటికే ప్రచురితం’ అని చూపించి పుస్తకంలో వేసుకోవచ్చా? రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు కేసులో సుప్రీంకోర్టు అలాంటివి ఒప్పుకుందని చదివాను. లాహోర్ విలేకరి ఒకాయన వాట్సాప్‌లో పంపితే అవి అసలువో కావో చెబుతానన్నారు. పంపనా?

జవాబు: మాస్టారూ, పంపకండి. మిగతాది తర్వాత చదువుకున్నా ఫరవాలేదు, ముందు ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి.

మీ ఉత్తరంలో మూడొంతులు పాకిస్తాన్ సైన్యం ఏం చేసింది, మీరెంత కష్టపడ్డారు అన్నదే. మీ కేసును తేల్చేది అది కాదు. కాగితంలో ఏముందన్నదీ కాదు. అది ఎవరి కాగితం, మీ చేతికి ఏ దారిన వచ్చింది అన్నదే ప్రశ్న. అలా చూస్తే మీ దగ్గరున్నవి రెండు వేర్వేరు గుట్టలు. మీరు రెంటినీ ఒకే ఫైల్లో కట్టి పెట్టారు.

మొదటి గుట్ట అమెరికా వాళ్లది. 2010 నవంబరు నుంచి వికీలీక్స్ బయటపెడుతూ వచ్చిన 2,51,287 కేబుళ్లు ప్రపంచమంతా చదివింది. మన ‘ది హిందూ’ 2011లో భారత్‌కు సంబంధించినవి వరసగా వేసింది. 1961 నాటి వియన్నా ఒప్పందం 24వ అధికరణం రాయబార కార్యాలయం పత్రాలు ఎక్కడున్నా ముట్టుకోరానివే అంటుంది. నిజమే. కానీ 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకు హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల నుంచి వెళ్లగొట్టబడ్డ వాళ్ల కేసులో సరిగ్గా ఇలాంటి కేబులే వచ్చింది. మూడో వ్యక్తి లోకానికంతా చాటేశాక ఇంకా దాన్ని ముట్టుకోవద్దనడం కుదరదని కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఈ గుట్ట గురించి మీ పబ్లిషర్ భయపడాల్సిన పని పెద్దగా లేదు.

రెండో గుట్ట ఆ 14 కాగితాలు. అవి మన ప్రభుత్వానివి, ఎక్కడా అచ్చు కానివి. ఇక్కడ 1923 నాటి అధికార రహస్యాల చట్టం వస్తుంది. తెల్లవాడు చేసిన ఆ చట్టమే సరిహద్దుకు అటూ ఇటూ ఇంకా నడుస్తోంది. ఇమ్రాన్ ఖాన్‌కు సైఫర్ కేసులో 2024 జనవరి 30న పదేళ్ల శిక్ష వేసింది దాని కిందే. జూన్ 3న ఇస్లామాబాద్ హైకోర్టు కొట్టేసిందనుకోండి. కానీ మాజీ ప్రధానే రావల్పిండి అడియాలా జైల్లో కూర్చుని విచారణ ఎదుర్కోవాల్సి వచ్చింది.

మన దగ్గర ఆ చట్టం 5వ సెక్షన్ చదవండి. బయటికి ఇచ్చినవాడే కాదు, చట్టానికి విరుద్ధంగా వచ్చిందని తెలిసి, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి తీసుకున్నవాడూ నేరస్తుడే. హక్కు లేకుండా దగ్గర పెట్టుకోవడం కూడా అందులోనే ఉంది. ‘విదేశాలతో స్నేహ సంబంధాలకు’ భంగం కలిగించే విషయమైతే చాలు. ‘సీక్రెట్’ ముద్ర చూసి మరీ ఇంట్లో పెట్టుకున్న మీరు, నాకు అనుమానం రాలేదని ఏ కోర్టులో చెబుతారు? పిల్లలకు రాజ్యాంగం చెప్పిన మనిషి మీరు.

ఇక కాలపరిమితి. మీరు 1999 నుంచి లెక్కేశారు. అది కాగితం పుట్టిన రోజు. 5వ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష మూడేళ్లు, కాబట్టి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 514 ప్రకారం కోర్టు కేసు స్వీకరించడానికి గడువూ మూడేళ్లే. ‘తీసుకున్నందుకు’ అయితే 2019 నుంచి లెక్కగట్టి గడువు తీరిందని మీ వకీలు వాదించవచ్చు. కానీ ‘దగ్గర పెట్టుకున్నందుకు’ అంటే అది రోజూ సాగుతున్న నేరమని ప్రాసిక్యూషన్ అంటుంది. 518 ప్రకారం అలాంటి నేరానికి గడువు ప్రతి క్షణం కొత్తగా మొదలవుతుంది. ఈ రాత్రి మీ బీరువాలో ఆ కవరు ఉంటే, గడియారం ఈ రాత్రే మొదలు. 3వ సెక్షన్, అంటే గూఢచర్యం, రక్షణ విషయాల్లో 14 ఏళ్ల దాకా శిక్ష ఉన్నది, తగిలించారంటే అసలు కాలపరిమితే లేదు.

అందుకే లాహోర్ వద్దన్నాను. ఆ విలేకరి మంచివాడే కావచ్చు. అయినా విదేశీ ఏజెంటుగా అనుమానించదగిన వ్యక్తితో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపినా, అలాంటివారి పేరో చిరునామానో మీ దగ్గర దొరికినా, దాన్ని మీకు వ్యతిరేకంగా వాడుకోవచ్చని 4వ సెక్షన్ చెబుతుంది. 14 కాగితాల ఫొటోలు, ఆయన నంబరు ఒకే ఫోన్లో ఉంటే మూడేళ్ల కేసు పద్నాలుగేళ్ల కేసుగా మారడానికి వేరే సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు.

ఇంటర్నెట్ ఉపాయం సంగతి. 2019 ఏప్రిల్ 10 నాటి రఫేల్ తీర్పును మీరు సగమే చదివారు. ఆ కాగితాలు అప్పటికే పత్రికల్లో వచ్చేశాయి కాబట్టి సాక్ష్య చట్టం కింద ప్రభుత్వం విశేషాధికారం చూపి అడ్డుకోలేదని, వాటిని చూసే రివ్యూ (పాత తీర్పును మళ్లీ చూడమన్న పిటిషన్) వింటామని కోర్టు చెప్పింది. దొంగచాటుగా బయటపెట్టినవాడు నిర్దోషి అని ఎక్కడా అనలేదు. మీరే పెట్టి, మీరే దాన్ని ఉటంకిస్తే అది ప్రచురితమైన పత్రం అవదు, మీ నేరానికి మీరే రాసుకున్న తేదీ అవుతుంది. మారుపేరు మీ ఐపీ అడ్రసును దాచదు. ఇంకోమాట, కాగితాలు లోపలికి వచ్చినా నవంబరులో ఆ రివ్యూ పిటిషన్లు కొట్టేశారు. చాగోస్ వాళ్లూ కేబుల్ నెగ్గి అప్పీలు ఓడారు. పత్రం చెల్లడం వేరు, కేసు గెలవడం వేరు.

మీ పుస్తకంలోనూ ఇదే లోపం ఉంది. మీరు పంపిన పేజీల్లో ఒక వాక్యం: ‘2009 మార్చిలో జనరల్ కయానీ జర్దారీని గద్దె దించడానికి పూనుకున్నాడు.’ కయానీ అప్పటి పాకిస్తాన్ సైన్యాధిపతి, జర్దారీ అప్పటి అధ్యక్షుడు. కేబుల్‌లో ఉన్నదేమిటి? ఇష్టం లేకపోయినా జర్దారీని రాజీనామాకు ఒప్పించాల్సి రావచ్చని కయానీ తనతో సూచనగా అన్నట్టు అమెరికా రాయబారి ఆన్ ప్యాటర్సన్ తన ప్రభుత్వానికి రాశారు. రాయబారి అలా రాశారనడానికే కేబుల్ సాక్ష్యం. జనరల్ ఆ పనికి దిగాడనడానికి కాదు. ‘అని రాయబారి నివేదించారు’ అన్న మాట చేర్చండి. పరువునష్టం భయం కూడా చాలావరకు అక్కడే తగ్గుతుంది. ఎవరో అన్నదాన్నే తిరిగి అన్నాను అంటే మాత్రం కోర్టు వినదు. సివిల్ దావాకు గడువు ప్రచురణ నుంచి ఏడాది.

సైఫర్ కూడా అంతే. 2023 ఆగస్టులో అమెరికా వార్తా సైటు ఇంటర్‌సెప్ట్ వేసింది ఒక పాఠం. అమెరికా విదేశాంగ శాఖ అధికారి డొనాల్డ్ లూతో 2022 మార్చి 7న జరిగిన భేటీపై వచ్చిన అసలు పత్రాన్ని మీరు చూడలేదు. ‘ఇంటర్‌సెప్ట్ ప్రచురించిన పాఠం ప్రకారం’ అని రాయండి.

పాకిస్తాన్ వైమానిక దళం మాజీ అధిపతి అస్గర్ ఖాన్ వేసిన కేసు మీద మీకు పూర్తి అధ్యాయమే ఉంది, కానీ దాని కీలకం వదిలేశారు. 1990 ఎన్నికల్లో సైన్యం, గూఢచారి సంస్థ ఐఎస్ఐ డబ్బు పంచాయన్నది గాలి కబురుగా మిగలకపోవడానికి కారణం లీకు కాదు. ఐఎస్ఐ మాజీ అధిపతి అసద్ దుర్రానీ ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిట్. అయినా 1996లో వేసిన పిటిషన్‌పై తీర్పు 2012 అక్టోబరు 19న వచ్చింది. పదహారేళ్లు! దీని మీద ఎంత రాసినా మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు, తీర్పు బహిరంగ పత్రం.

ఒక మందలింపు. కేబుళ్లన్నీ స్క్రీన్‌షాట్లుగా పెట్టుకున్నానని, పాత ఫోన్ మనవడికి ఇచ్చేశానని రాశారు. ఏ సైటు, ఏ తేదీ, కేబుల్ నంబరెంత, ఏదీ లేదు. రేపు ఎవరైనా నోటీసిస్తే ఏం చూపిస్తారు? 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) కూడా రాయాలి. కత్తిరించిన బొమ్మలకు అవెక్కడివి? ప్రతి కేబులూ మళ్లీ పూర్తిగా డౌన్‌లోడ్ చేసి, నంబరు, తేదీ, చూసిన రోజు ఒక రిజిస్టరులో రాయండి.

14 కాగితాలను కాల్చకండి. సాక్ష్యం మాయం చేశారన్న మరో నేరం మీద పడుతుంది. పైగా మీ దగ్గర ఉన్నవి పద్నాలుగే, అంతకు మించి లేవని చూపడానికి ఏమీ మిగలదు. కాపీ తీయకండి, స్కాన్ చేయకండి. ఉన్నవి ఉన్నట్టు కవర్లో పెట్టి క్రిమినల్ లాయరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. సీలు చేసి విదేశాంగ శాఖకు రసీదు తీసుకుని అప్పగించడం ఆయన ద్వారానే జరగాలి. కవరింగ్ లెటరు మీరు రాయొద్దు, మీకు నాలుగు పేజీలు రాసే అలవాటుంది. 13వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం అనుమతించిన ఫిర్యాదు లేకుండా కోర్టు కేసు స్వీకరించదు. కాబట్టి స్వయంగా తెచ్చిచ్చిన వృద్ధుడి మీద ఫిర్యాదు చేయాలా అని ఆలోచించే అవకాశం వాళ్లకు ఇవ్వడం మంచిది. హామీ మాత్రం ఇవ్వలేను.

ఏడో అధ్యాయం తీసేయమనను. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం 12వ సెక్షన్ కింద, ముప్పై ఏళ్లు దాటి, రహస్య వర్గీకరణ లేకుండా జాతీయ అభిలేఖాగారానికి చేరిన రికార్డులు పరిశోధకులు చూడవచ్చు. పాతికేళ్లు దానికి చాలవు. పైగా ‘సీక్రెట్’ ముద్ర దానంతటది చెరిగిపోదు. 1999 ఇస్లామాబాద్ ఫైళ్లలో ఏవి అక్కడికి చేరాయో పరిశోధకుడిగా దరఖాస్తు పెట్టి అడగండి. దొరికినంత వరకు దాని మీద, మిగతాది అప్పటి పత్రికల మీద అధ్యాయం తిరిగి రాయండి. రసీదు చేతికొచ్చేదాకా పాత ఏడో అధ్యాయం ఏ పబ్లిషర్‌కూ మెయిల్ చేయకండి. ఇప్పటికే పంపిన మొదటాయన దగ్గర ప్రతి మిగిలిందేమో ఫోన్లో కాదు, స్వయంగా వెళ్లి కనుక్కోండి.