మీ రికార్డు డూప్లికేట్ కాదండీ, ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ అలాగే వచ్చింది

‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ ఆల్బమ్ సీడీలో ఎనిమిదిన్నర నిమిషాలు ఉండే ‘వై వర్రీ’ పాట మీరు కొన్న పాత ఎల్పీ (గ్రామఫోన్) రికార్డులో ఐదున్నర నిమిషాల్లోపే అయిపోతోంది, మోసపోయానా అని అడిగారు కదా. లేదు, టెన్షన్ పడకండి. 1985లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ డైర్ స్ట్రెయిట్స్ ఈ ఆల్బమ్ తెచ్చినప్పుడు సీడీ అప్పుడప్పుడే వస్తోంది, అందులో 55 నిమిషాలు హాయిగా పట్టాయి, కానీ రికార్డు ఒక్కో వైపు ఇరవై రెండు ఇరవై మూడు నిమిషాలు దాటితే సూది నడిచే గాడులు ఇరుకై శబ్దం పలచబడుతుంది. అందుకే మొదటి వైపు పాటలను కత్తిరించారు. రెండో వైపు పెట్టి సీడీతో పోల్చి చూడండి, దాదాపు సరిపోతుంది.

పూర్తి నిడివి కావాలంటే తర్వాత రెండు రికార్డుల సెట్‌గా వచ్చింది తీసుకోండి. పాతదాన్ని మాత్రం అమ్మొద్దు.

ఆ బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు మార్క్ నాఫ్లర్ అంటే నాకు ప్రాణం. ఎక్కువగా పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) లేకుండా వట్టి వేళ్లతోనే తీగ మీటుతాడు, అందుకే ఆ గిటార్ పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. 2005లో ఆయన బెంగళూరు వచ్చినప్పుడు రాత్రంతా రైల్లో నిలబడి వెళ్లాను, మొదటి తీగ మోగగానే కళ్లు తడిశాయి. మీరు డైర్ స్ట్రెయిట్స్ లైవ్ ఆల్బమ్ ‘ఆల్కెమీ’ విన్నారా? 1983లో లండన్ హామర్‌స్మిత్ ఓడియన్ కచేరీ అది, లైవ్‌లో ఆయన పాటను ఎంత దూరం తీసుకెళ్తాడో అందులో తెలుస్తుంది. ఈ ఆదివారమే వినండి, ఎలా ఉందో రాయండి.