మేనేజరు మాట్లాడకపోతే నువ్వు పనికిరానోడివని కాదు తమ్ముడూ

మొన్న మన తిరుపతి పిల్లోడు ఒకడు ఫోన్ చేసినాడు. అన్నా, అమెరికాకొచ్చి మూడు నెల్లయింది, మా మేనేజరు పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడడు, అసలు నేను ఈ టీంలో ఉండానో లేదో కూడా తెలీడం లేదు, తిరిగొచ్చేద్దామనిపిస్తా ఉంది అన్నాడు. ఆ గొంతు విన్యాక నాకు చానా బాధేసింది, 2009లో నేనూ అట్లే ఉన్నింది.

మన పక్క పై ఆఫీసరు ఎంత కోపిష్టోడైనా తిన్నావా, మీ నాయనకి ఒళ్లెట్లుంది, గంగజాతరకి లీవు కావాల్నా అని ఏదో ఒకటి అడుగుతాడు, ఆ ఒక్క మాటకే మనోడనిపిస్తాది. ఈడ ఆ పలకరింపు ఉండదు. నా మొదటి మేనేజరు వారం వారం పెట్టాల్సిన వన్ ఆన్ వన్, అంటే ఆయనా నేనూ ఇద్దరమే కూచోని మాట్లాడే మీటింగు, వరసగా నాలుగుసార్లు క్యాన్సిల్ చేసినాడు, నేనేమో తీసేస్తారేమో అని రాత్రుళ్లు ఒకటే భయం, ఎందుకంటే హెచ్1బీ, అంటే ఈడ ఉద్యోగం చేసుకోడానికిచ్చే వీసా, దాని మీద ఉండి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి ఇప్పుడు 60 రోజుల దాకా గడువన్నా ఉంది, ఆ రూలు 2017లో వచ్చింది, అప్పుడు అదీ లేదు. ఆఖరికి నేనే పోయి అడిగితే ఆయన ఆశ్చర్యపోయినాడు. నీ పని బాగుంది కాబట్టే నీతో మాట్లాడే పని పడలేదు అన్నాడు!

కాబట్టి మీటింగు నువ్వే అడుగు. అరగంట చాలు. బాగా చేస్తా ఉండానా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, వచ్చే నెల నేను ఏది మార్చుకోవాల అని అడుగు, అప్పుడు అసలు మాట బయటికొస్తాది. వీలైతే ఇది ఒకసారి చూస్తావా అని మెత్తగా అన్నారంటే అది చెయ్యమనే, మనోళ్లు దాన్ని సలహా అనుకోని వదిలేసి రివ్యూలో దెబ్బ తింటారు.

ఇంకోటి, పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందో వెనకో పడి మనల్ని ఏదో ఒకటి పిలుస్తా ఉంటారు, మనం మొహమాటంతో ఊరికే ఉంటాం. నా రెండో మేనేజరమ్మ మొదటి రోజే నా పేరు నిదానంగా పలకమని, విని, కాగితం మీద రాసుకునింది. ఆ టీంలో నేను ఆరేళ్లుండా.

రేపు నువ్వూ లీడ్ అవుతావు. అప్పుడు మీటింగులో ఇద్దరం తెలుగోళ్లం కదా అని తెలుగులో మొదలుపెట్టొద్దు, పక్కన కూచున్న తెలుగు రాని పిల్లోడికి నువ్వు ఇప్పుడు పడేదే ఉంటాది.