మీ మాట తెనాలి దాకా మోసిందెవరు?

ప్రశ్న: నేను గుంటూరులో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పెళ్లయి పన్నెండేళ్లు. మా తోడికోడలు తెనాలిలో అత్తగారి దగ్గర ఉంటుంది. ఎదురుగా ‘చెల్లీ’ అంటూనే, వెనకాల బంధువులందరికీ నా గురించి చెడ్డగా చెబుతోంది. మొగుడి జీతమంతా పుట్టింటికి దోచిపెడుతున్నానట. పండక్కొచ్చి చీర పెట్టి వెళ్లిపోతానట. నా జీతంలోంచి నెలకు ఆరు వేలు మా అమ్మకు పంపే మాట నిజమే. అది మా ఆయనకూ, మా వదినకూ తప్ప ఎవరికీ తెలియదు. వదిన ఆ ఇంటి పెద్దకూతురు, హైదరాబాద్‌లో ఉంటారు. ఆ ఇంట్లో నా వైపు నిలబడేది ఆవిడొక్కరే. రోజూ ఫోన్ చేసి అక్క ఏమేం అంటోందో చెబుతారు. మొన్న అక్కతో మాట్లాడిన కాల్ రికార్డింగ్ కూడా పంపారు. మధ్యమధ్యలో వదిన ‘అవునా, ఇంకా ఏం చేసింది?’ అని అడుగుతుంటే అక్క ఎంత ఉత్సాహంగా చెబుతోందో! మా ఆయన ‘మీ ఆడవాళ్ల గొడవల్లోకి నన్ను లాగకు’ అంటారు. వచ్చే నెల మామగారి సంవత్సరీకం. అందరి ముందూ ఆ రికార్డింగ్ వినిపించి అక్క బండారం బయటపెట్టనా? లేక పరువు నష్టం కేసు వేయొచ్చా? నిద్ర పట్టడం లేదు.
— ఒక సోదరి, గుంటూరు

జవాబు: సంవత్సరీకం రోజున రికార్డింగ్ వినిపించవద్దు. పోయిన పెద్దాయనకు పిండం పెట్టే రోజున ఆయన కోడళ్లిద్దరూ హాల్లో నిలబడి అరుచుకున్నారనే మాట మిగులుతుంది. ఆమె ఏమందో ఎవరికీ గుర్తుండదు. మీరు ఫోన్ పైకెత్తి పట్టుకోవడం మాత్రం మీ పిల్లల పెళ్లిళ్ల దాకా చెప్పుకుంటారు.

కేసు మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. 2024 జులై 1కి ముందు ఐపీసీలో 499, 500 సెక్షన్లుగా ఉండేది. నేరం రుజువైతే రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాదంటే సమాజ సేవ. కానీ స్టేషన్‌కు వెళ్లగానే పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదిది. మెజిస్ట్రేటు కోర్టులో మీరే ఫిర్యాదు వేసుకోవాలి, సాక్షుల్ని తెచ్చుకోవాలి. మీ సాక్షి ఎవరు? మీ వదినే కదా. ఇద్దరు మరదళ్లలో ఒకరి తరఫున ఇంకొకరి మీద ఆవిడ బోనెక్కి సాక్ష్యం చెబుతారని నమ్ముతున్నారా? నాకైతే నమ్మకం లేదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం నిండా తోడికోడలే. నా చూపు మాత్రం మీ వదిన దగ్గరే ఆగిపోయింది. అమ్మకు ఆరు వేలు పంపే సంగతి మీ ఆయనకూ, వదినకూ తప్ప ఎవరికీ తెలియదని మీరే రాశారు. మరి తెనాలిలో ఉన్న అక్కకు ఎలా తెలిసింది? మీ ఆయన చూడబోతే ఆడవాళ్ల గొడవ అనగానే పేపరు అడ్డం పెట్టుకునే మనిషిలా ఉన్నారు, ఆయన వెళ్లి తన వదినగారికి, అంటే మీ తోడికోడలికి, మీ లెక్కలు చెప్పి ఉండరు. ఇంక మిగిలింది ఎవరమ్మా? ఇది కనిపెట్టడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు ఈ లెక్క చేయలేదంటే చేయడం ఇష్టం లేకనే అనుకుంటాను.

రికార్డింగ్‌లో అక్క ఉత్సాహం మీకు వినబడింది. ‘ఇంకా ఏం చేసింది?’ అన్న గొంతు వినబడలేదా? మీ వైపు నిలబడే మనిషైతే అక్కడ అనాల్సిన మాట ‘నీకెందుకమ్మా, అది దాని జీతం’ అని. లేదంటే పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోన్ పెట్టేయాలి. ఆవిడ ఆ రెండూ చేయలేదు. అడిగి అడిగి చెప్పించి, రికార్డు చేసి, మీకు పంపారు. చాడీ చెప్పేవాళ్లంటే మనకు కోపం. చాడీ చెప్పించుకుని మోసుకొచ్చేవాళ్లను మాత్రం ఆప్తులనుకుంటాం.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. రోజూ ఫోన్లో వదిన చెబుతుంటే మీరు ఊరికే వింటున్నారా? ‘అక్క సంగతి నాకు తెలియదా వదినా, దాని పుట్టింటివాళ్లే అంత’ లాంటి మాట ఒక్కటైనా అనలేదా? అని ఉంటారు. నిద్ర పట్టనంత బాధలో ఉన్న మనిషి అనకుండా ఉండలేదు. ఒక మరదలి కాల్ రికార్డు చేసినావిడ రెండో మరదలిది చేయలేదని మీకేం హామీ? మీరు హాల్లో ఆ రికార్డింగ్ పెడితే, తోడికోడలి ఫోన్లో మీ గొంతు కూడా సిద్ధంగా ఉండొచ్చు.

2006లో అమెరికాలో జెన్నిఫర్ బాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడ సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. మూడో మనిషి గురించి మెచ్చుకోలు పంచుకున్నప్పటి కంటే, ఆ మనిషి ఇద్దరికీ నచ్చలేదని తెలిసినప్పుడు కొత్తవాళ్లు కూడా ఒకరికొకరు ఎక్కువ దగ్గరైనట్టు భావిస్తారని అందులో తేలింది. మీకూ వదినకూ ఉన్నది ఈ రకం దగ్గరతనమే అయితే, అక్క ప్రస్తావన లేకుండా ఒక్క ఫోన్ కాల్ మాట్లాడి చూడండి. పిల్లల చదువులు, ఆవిడ మోకాళ్ల నొప్పులు, కూరగాయల రేట్లు. ఎంతసేపు సాగుతుందో మీకే తెలుస్తుంది.

వదిన దుర్మార్గురాలని నేననడం లేదు. మామగారు పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ ఫోన్లు రోజువారీ అయింది ఎప్పటి నుంచో గుర్తు చేసుకోండి. ఆయన పోయాకేనని నా అనుమానం. తండ్రి ఉన్నన్నాళ్లూ పెద్దకూతురికి ఆ ఇంట్లో ఓ హోదా ఉంటుంది. ఏ పని చేయాలన్నా ‘అమ్మాయికి ఒక మాట చెప్పండి’ అనే మనిషి ఉంటాడు. ఆ మనిషి పోయాక, తల్లి కోడలి చేతి కిందికి వచ్చాక, హైదరాబాద్‌లో కూర్చున్న ఆడపిల్లకు పుట్టింటి మీద మిగిలే పట్టు అక్కడి కబుర్లే. ఇద్దరు కోడళ్లూ తనకే చెప్పుకుంటుంటే ఇంటి తాళాలు ఇంకా తన దగ్గరే ఉన్నట్టు ఉంటుంది. కోడళ్లు ఒకటైపోతే తనతో ఎవరికి పని? ఆవిడ ఇదంతా ఆలోచించి చేస్తున్నారని కూడా అనను. దిగులు చాలామంది చేత ఇలాంటి పనులు చేయిస్తుంది. జాలిపడండి, తప్పులేదు. కానీ జాలిపడి మీ ఇంటి గుట్టు అప్పగించకండి.

తోడికోడలి మాటకొస్తే, ఆమె నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. ‘దోచిపెడుతోంది’ అనడం అన్యాయం. మీ ఆయన జీతం జోలికి పోకుండా మీరు సంపాదించిన దాంట్లోంచి కన్నతల్లికి పంపుతున్నారు. కొడుకు పంపితే ధర్మం, కూతురు పంపితే దోపిడీ అనే లెక్క నాకెప్పుడూ మింగుడు పడదు. అయితే ‘పండక్కొచ్చి చీర పెట్టి వెళ్లిపోతుంది’ అన్నది చాడీ కాదమ్మా. అది ఫిర్యాదు. అత్తగారికి మందులేయడం, రాత్రిళ్లు లేవడం, వచ్చేపోయే చుట్టాలకు వండి పెట్టడం ఆమె వంతు. మీరు పెట్టే చీర బాగుందని ఊళ్లో నలుగురూ అనడం మీ వంతు. గుంటూరు నుంచి తెనాలి ఎంత దూరం? ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. ఈ ఏడాదిలో పండగ కాని రోజున వెళ్లి, ఒక రాత్రి అత్తగారి మంచం పక్కన పడుకుని, ‘అక్కా, నువ్వు పుట్టింటికెళ్లి రెండు రోజులు ఉండి రా’ అన్నారా? అని ఉంటే ఈ ఉత్తరంలో తప్పకుండా రాసేవారు.

బంధువులు మిమ్మల్ని ఎలా అనుకుంటున్నారోనన్న దిగులు కొంచెం తగ్గించుకోవచ్చు. మనం ఇంకొకరికి అంటగట్టిన చెడ్డ గుణాన్ని వినేవాళ్లు తెలియకుండానే చెబుతున్న మనిషికే అంటిస్తారని స్కౌరాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 1998లో చూపించారు. అంటే అక్క మిమ్మల్ని స్వార్థపరురాలని అంటున్నప్పుడల్లా ఆ మరక కొంత ఆమె చీరకే అంటుకుంటోంది. మీరు ఆమె గురించి వదినతో అన్న ప్రతి మాటకూ ఇదే వర్తిస్తుందనుకోండి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మళ్లీ వదిన ఫోన్ చేసినప్పుడు మామూలు గొంతుతోనే అడగండి: ‘వదినా, అమ్మకు డబ్బు పంపే సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, అక్కకెలా తెలిసింది?’ ఒక్కసారే అడగండి. ఒప్పుకోవాలని పట్టుబట్టకండి, ఏడిస్తే ఓదార్చకండి. తర్వాత, ‘ఇకమీదట అక్క నా గురించి ఏమన్నా మీరక్కడే సమాధానం చెప్పండి, లేదంటే నన్నే అడగమనండి, నా దాకా మాత్రం తేవొద్దు’ అని చెప్పేయండి. ఆవిడ అలుగుతారు. కొన్నాళ్లు ఫోన్ చేయరు. మానేయనివ్వండి. ఆ రికార్డింగ్‌ను తీసేయండి. ఎప్పుడైనా పనికొస్తుందేమోనని దాచుకుంటే రోజూ రాత్రి వింటారు, ఆ నిద్రలేమికి నా దగ్గర మందు లేదు.

అక్కతో ఏం మాట్లాడాలో మీరు అడగలేదు. రికార్డింగ్ ఊసే ఎత్తకండి. సంవత్సరీకానికి మిగతావాళ్ల కంటే ఒక రోజు ముందు వెళ్లి కొంగు బిగించి వంటింట్లోకి నడవండి, అంతే. ఆమె మారుతుందని హామీ ఇవ్వను. ఆమె అన్నది డబ్బు గురించి కాకుండా మీ నడవడి గురించి అయితే నేను ఈ మాట చెప్పేదాన్ని కాదు. అప్పుడు మీ ఆయన్ని పక్కన పెట్టుకుని, అత్తగారి ముందు కూర్చోబెట్టి నిలదీయమనేదాన్ని. అలాంటి మాట ఆమె అనలేదు, అది గుర్తుంచుకోండి.

ఇక ఆ ఆరు వేలు. దాన్ని దాచడమే మీరు చేసిన పొరపాటు. దాచినందువల్లే అది తప్పు పనిలా కనబడింది, ఆరు వేలు కాస్తా జీతమంతా అయింది. సంవత్సరీకానికి ముందే ఒక ఆదివారం తెనాలి వెళ్లి అత్తగారికి మీరే చెప్పండి. ‘అత్తయ్యా, నా జీతంలోంచి నెలకు ఆరు వేలు అమ్మకు పంపుతున్నాను, ముందే చెప్పాల్సింది’ అనండి. అనుమతి అడగవద్దు, క్షమాపణ అంతకంటే వద్దు. ఆ సమయంలో అక్క వంటింట్లో ఉంటే రమ్మని పిలవండి, ఆమె కూడా మీ నోటి నుంచే విననివ్వండి. మీ ఆయన్ని తోడు రమ్మనండి. ‘మీ గొడవల్లోకి నన్ను లాగకు’ అంటే బతిమాలకండి. ఆ జీతం మీది, బస్సెక్కి మీరొక్కరే వెళ్లి చెప్పి రండి.