బంగారం తాకట్టు సీటు దగ్గర దొరికిన కథ

"కథలు రాసేవాళ్ళకి ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆఫీసు, ఇల్లు తప్ప ఏమీ తెలియని నాలాంటివాళ్ళు రాయగలరా?" అని అడిగారు. నాదీ ఆఫీసు, ఇల్లే. విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఊరి బ్యాంకులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. అందులో తొమ్మిదేళ్ళు బంగారం తాకట్టు సీటు. ఇప్పటిదాకా రాసినవి ముప్ఫై కథలు ఉంటాయేమో, వాటిలో సగం ఆ సీటు దగ్గర పుట్టినవే. వాటిలో ఒకటి ఎలా వచ్చిందో మొదటి నుంచీ చెప్తాను.

ఒక ముసలామె ఏటా నాట్ల ముందు తన నగ పెట్టి అప్పు తీసుకునేది. సంక్రాంతి వెళ్ళాక, ధాన్యం డబ్బు చేతికొస్తే విడిపించుకునేది. ఇలా చేసేవాళ్ళు మా దగ్గర వందల మంది. ఒక ఏడు మాత్రం అసలూ వడ్డీ కట్టేసి, నగ చేతికివ్వబోతే పుచ్చుకోలేదు. "ఇంకో రెండు నెల్లు మీ కాడే ఉండనీండి బాబూ" అంది. అప్పు తీరాక మేము ఉంచుకోవడానికి లేదని చెప్పాను. వెళ్ళి బల్ల మీద కాసేపు కూర్చుంది. మళ్ళీ వచ్చి అదే నగ మీద రెండు వేలు అప్పు ఇమ్మంది. ఇచ్చాం. ఆ నోట్లు లెక్క కూడా చూసుకోకుండా కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

డబ్బు అక్కర్లేని మనిషి వడ్డీ కట్టడానికి ఒప్పుకుని అప్పు తీసుకోవడం నేను అదే చూడటం. ఎందుకని అడగలేదు. అప్పుడు వరసలో జనం ఉన్నారు. ఆ తరవాత తీరిక దొరికినా అడగబుద్ధి కాలేదు. ఆ రాత్రి నోటుబుక్కులో నాలుగు వాక్యాలు రాసి పెట్టుకున్నాను, అంతే.

మర్నాటి నుంచే కథ మొదలుపెట్టాను. తాగుబోతు కొడుకు, వాడి నుంచి నగ దాచుకునే తల్లి. పదమూడు పేజీలు. ఒక వారపత్రికకి పంపితే తిరిగొచ్చింది. వాళ్ళు చేసింది న్యాయమే. ఆ తాగుబోతు కొడుకుని నేను బ్యాంకులో చూడలేదు. అంతకుముందు చదివిన కథల్లోంచి తెచ్చి ఆమె పక్కన నిలబెట్టాను. మొదట తట్టే కారణాన్ని నేను అప్పటి నుంచీ నమ్మడం మానేశాను.

నాలుగేళ్ళు గడిచాయి. మా అమ్మ సంవత్సరీకాలకి ఊరెళ్ళినప్పుడు పక్కింటి అత్త ఒక సంగతి చెప్పింది. మా మామయ్య వస్తున్నాడని కబురు రాగానే అమ్మ పోపులడబ్బాలో డబ్బంతా తీసుకెళ్ళి ఈవిడ చేతిలో పెట్టేదట. మామయ్య అప్పడిగితే దేవుడి పటం ముందు నిలబడి "ఇంట్లో రూపాయి లేదు అన్నయ్యా" అనేదట. ఆ మాట నిజమే, డబ్బు పక్కింట్లో ఉంది కదా. ఉంచుకుని అన్నకి లేదనలేదు, అబద్ధం ఆడలేదు. ముగ్గురు పిల్లల ఫీజులు ఆ డబ్బాలోంచే కట్టాలి. ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో పెరిగి నాకీ సంగతి తెలియదు.

తిరుగు బస్సులో ముసలామె గుర్తొచ్చింది. పండగకో పురిటికో వచ్చిన కూతురు అడిగితే కాదనలేని తల్లిని ఊహించాను. "బ్యాంకులో ఉందమ్మా" అని చెప్పాలంటే అది నిజంగా బ్యాంకులో ఉండాలి! కథ మూడు రోజుల్లో అయిపోయింది. అసలామె కారణం వేరే అయి ఉండవచ్చు. నేను రాసింది మా అమ్మని. అయినా ఆమె ఆ రోజు నగ వద్దనకపోతే అమ్మ గురించి రాయడం నాకు ఎప్పటికీ చేతనయ్యేది కాదు.

నా కథలు దాదాపు అన్నీ ఇలా జతగా వచ్చాయి. బయట చూసిన వింత ఒకటి, నా ఇంట్లోదో ఒంట్లోదో మరొకటి. మొదటిది దొరకడం తేలిక, కళ్ళు తెరుచుకుని ఉంటే చాలు. రెండోది వచ్చేదాకా కాచుకోవడమే కష్టం.

ఆఫీసులో కథలేముంటాయి అనుకోకండి. మా జిల్లావాళ్ళం గర్వంగా చెప్పుకునే గురజాడ అప్పారావు గారు 1897లో కన్యాశుల్కం అచ్చువేసినప్పుడు ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. అందులో నాటకం కంటే ముందు ఒక జాబితా కనిపిస్తుంది. విజయనగరం మహారాజావారు మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల, అంటే పిల్ల తరఫువాళ్ళు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ, లెక్క తీయిస్తే 1,034 తేలాయట. అందులో అయిదేళ్ళకే పెళ్ళయినవాళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. అది చదివిన రోజు మా బ్యాంకు రిజిస్టర్లని నేను ఇంకో కంటితో చూశాను. ప్రతి గీతలోనూ ఒక ఇల్లు ఉంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఉద్యోగంలో తెలిసినవి మనల్ని నమ్మి చెప్పినవి. కథలో నేను నగ మార్చాను, ఊరు మార్చాను, తాకట్టు బ్యాంకులో కాకుండా షావుకారు దగ్గర పెట్టించాను. ఆమె కూతురే చదివినా గుర్తుపట్టకూడదు. ఈ విషయంలో నేను రాజీ పడను.

అన్నీ ఎవరో రాసేశారని భయమేస్తే, కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథల కోసమే 1997లో శ్రీకాకుళంలో పెట్టిన గ్రంథాలయం, కథానిలయానికి ఒకసారి వెళ్ళండి. అప్పు మీద కథలు ఎన్ని దొరుకుతాయో! వరసగా చదివితే ఏ ఇద్దరి అప్పూ ఒకలా ఉండదు.

ఇక నోటుబుక్కు. అందులో అభిప్రాయాలు రాయకండి. చూసింది, విన్న మాట విన్నట్టుగా, అంతే. "పాపం" అని రాసుకున్న చోట నాకు తరవాత ఏమీ మిగల్లేదు. "మీ కాడే ఉండనీండి" అన్న మాట మాత్రం నాలుగేళ్ళయినా ఆమె గొంతుతోనే వినిపించింది.

ఇప్పుడు నా బుక్కులో ఒకటి ఉంది. నేను బ్యాంకుకి వెళ్ళే దారిలో ఒక పెంకుటిల్లు, దాని గోడకి "ఈ ఇల్లు అమ్మబడును" అని చెక్క బోర్డు. ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఏటా సంక్రాంతికి ఆ ఇంటికి సున్నం వేస్తారు, గుమ్మానికి పసుపు రాస్తారు. ఆ బోర్డు కూడా దించి, అక్షరాలకి కొత్తగా రంగు దిద్ది, మళ్ళీ అక్కడే కడతారు. దీనికి జత నాకింకా దొరకలేదు.