టెంటు ఆయనది, చాకిరీ నాది

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నేను టీచర్ని. సంక్రాంతికి కారులో లంబసింగి, అరకు వెళ్లి టెంటు వేసుకుందామని ఆయన ఒకటే పట్టు. రెండేళ్ల క్రితం మారేడుమిల్లి వెళ్లినప్పుడు రాత్రంతా ఆయనే నడిపారు. దారి తప్పితే అందరిముందూ నన్ను కసిరారు. మూడు రోజులూ వంట, గిన్నెలు, బట్టలు సర్దడం అన్నీ నావే. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, బాబుకి ఘాట్ రోడ్డంటే వాంతులు. తొమ్మిదో తరగతి పాప రానంటోంది, ఫోన్ పిచ్చి. వద్దంటే ‘నీకు సరదా తెలీదు’ అంటారు. వెళ్లాలా, మానాలా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో కొండల గురించి ఒక్క ముక్క కూడా లేదమ్మా. గిన్నెలు మాత్రం ఉన్నాయి. మీకు భయం ఘాట్ రోడ్డంటే కాదు, ఆ మూడు రోజులు మళ్లీ వస్తాయనే.

ఆయన చెడ్డవారని నాకు అనిపించలేదు. ఏడాదంతా స్క్రీన్ ముందు కూర్చునే మనిషికి చలిమంట ముందు కూర్చోవాలనిపిస్తుంది. కాకపోతే ఆయన ఊహలో ఆ మంట దగ్గరికి టీ దానంతటదే వచ్చేస్తోంది. ఇన్నాళ్లూ మీరు ‘వద్దు’ అని ఊరుకున్నారు. ఆ మాట ఆయనకు సరదా చెడగొట్టినట్టే వినిపిస్తుంది. ఈసారి ‘వస్తాను, వంటకి మాత్రం రాను’ అని చెప్పి చూడండి. బ్యాగులు సర్దే రాత్రి కాదు, ఇప్పుడే, ఏదో ఒక ఆదివారం పొద్దున ఇద్దరే ఉన్నప్పుడు. పొయ్యి వెలిగించడం, గిన్నెలు కడగడం, టెంటు మడవడం ఎవరివో అప్పుడే తేల్చుకోండి. పులిహోర కట్టుకెళ్తే ఒక పూట గడిచిపోతుంది, ఆ పులిహోర ఆయన్నే కలపమనండి.

లంబసింగి ఇక్కణ్ణుంచి 600 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక్క రోజులో, ఒక్కరే నడిపితే కోపం రాక ఏమొస్తుంది? భోగి ముందురోజు బయల్దేరితే పంతంగి టోల్‌గేట్ దగ్గరే సగం ఓపిక పోతుంది. రెండు రోజులు ముందే కదిలి, రాజమండ్రిలో పడుకుని, నర్సీపట్నం దాటాక వచ్చే ఘాట్ పగలే ఎక్కండి. రాత్రి డ్రైవింగ్ విషయంలో మాత్రం బతిమాలకండి, ఒప్పుకోకండి.

అత్తయ్యగారి సంగతి. మీ ఉత్తరంలో ఆవిడ మోకాళ్లున్నాయి గానీ ఆవిడ మాట లేదు. ఎవరైనా అడిగారా? లంబసింగి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది, జనవరి తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంది. నేల మీద పడుకుని లేవడం ఆవిడ వల్ల కాదు. కాబట్టి టెంటు ఒక్క రాత్రికే పెట్టుకోండి, ఆ రాత్రి కూడా ఆవిడకి దగ్గర్లో గది తీసుకోండి. చలి ఎంతున్నా టెంటు లోపల కుంపటి, బొగ్గులు పెట్టొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాబుకి బయల్దేరే ముందు తేలిగ్గా ఏదైనా పెట్టండి. ఫోన్ ఇవ్వకుండా ముందున్న రోడ్డు చూడమనండి. మాత్ర వేయాలంటే డాక్టర్ని ముందే అడగండి.

పాప రాననడం ఫోన్ పిచ్చి అన్నారు. నాకలా అనిపించలేదు. కిందటిసారి వెనక సీట్లో కూర్చుని ఆయన కసరడం, మీరు మాట్లాడకపోవడం అన్నీ విన్నది ఆ పిల్లే కదా. రమ్మని బతిమాలే ముందు ఏం గుర్తుందో అడగండి. మీరు చెప్పలేని సంగతి ఆయనకి తనే చెప్పేయొచ్చు. వస్తానంటే దారి చూసే పని తనకివ్వండి. ఏజెన్సీలో సిగ్నల్ పోతుంటుంది, మ్యాప్ ముందే ఫోన్లోకి దించుకోమనండి.

ఇంకొక్క మాట. కసురుకోవడం ప్రయాణంలోనేనా, ఇంట్లోనూ ఉందా? మీరు రాయలేదు. ఇంట్లోనూ ఉంటే టెంటు సంగతి పక్కన పెట్టి, దాని గురించి నాకు విడిగా రాయండి.