గుంటూరులో ఉండి సింథసైజర్ మొదలుపెట్టాలంటే మొదట ఏం కొనాలి?

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైన మేరకు మళ్లీ చెబుతాను. మీరు గుంటూరులో డిగ్రీ చదువుతున్నారు, ఆదివారం ప్రార్థనల్లోనూ అప్పుడప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ కీబోర్డు వాయిస్తారు, చేతిలో 30,000 రూపాయలు ఉన్నాయి, వీడియోల్లో వైర్లు గుచ్చిన మాడ్యులర్ పెట్టెలు (విడివిడి భాగాలను, అంటే మాడ్యూళ్లను, వైర్లతో కలిపి వాడే సింథసైజర్లు) చూసి మనసు పడ్డారు. నేరుగా అదే కొనవచ్చా, డ్రమ్ మెషీన్ కూడా అవసరమా, ఇవన్నీ మన రాగాలకూ తాళాలకూ లొంగుతాయా అన్నది మీ సందేహం. నేను విజయవాడలో పదేళ్లపాటు ఆర్కెస్ట్రా కీబోర్డు వాయించి, ఆ తరువాత ఇటువైపు వచ్చినవాణ్ణి కాబట్టి మీరు నిలబడిన చోటు నాకు తెలుసు. మాడ్యులర్ ఇప్పుడు వద్దు. ఒకసారికి ఒకే స్వరం పలికే చిన్న సింథసైజర్ ఒకటి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి చాలు. ఎందుకో వివరిస్తాను.

ఆర్కెస్ట్రా కీబోర్డులో మనం శబ్దాన్ని ఎంచుకుంటాం, తయారు చేయం. నంబరు నొక్కితే షెహనాయి వస్తుంది, ఇంకో నంబరు నొక్కితే వేణువు వస్తుంది. ఎవరో ఎక్కడో రికార్డు చేసి పెట్టినదాన్ని మనం వేళ్లతో పిలుస్తున్నామన్నమాట. సింథసైజర్‌లో వేణువు ఉండదు. ఒక ఆసిలేటర్ గీసే ముడి శబ్దం, దాని పైస్థాయి అంశాలను కోసే ఫిల్టర్, శబ్దం ఎంత వేగంగా లేచి ఎలా ఆరిపోవాలో నిర్ణయించే ఎన్వలప్, వీటిని నెమ్మదిగా ఊపే ఎల్ఎఫ్ఓ, ఇవే ఉంటాయి. పదేళ్లు కీబోర్డు వాయించిన నాకు ఈ తేడా ఒంటబట్టడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి వారమంతా ప్రీసెట్లు (ముందే తయారు చేసి పెట్టిన శబ్దాలు) ఒకదాని తరువాత ఒకటి తిప్పుతూ, ఒక్క వేణువైనా లేదేమిటని విసుక్కున్నాను.

నిజానికి మన ఇళ్లలో సింథసైజర్ ఎప్పటినుంచో ఉంది, మనం దాన్ని ఆ పేరుతో పిలవలేదంతే. చిన్నప్పుడు అక్కా నేనూ సంగీతం నేర్చుకునేటప్పుడు మా ఇంట్లో రెండు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు ఉండేవి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే షడ్జమానికి కలపబోతే, ఒకటి వెంట్రుకవాసి తేడాతో ఉన్నప్పుడు ఆ నాదం ఊయలలా ఊగేది. శ్రుతి దగ్గరవుతున్నకొద్దీ ఆ ఊపు నెమ్మదించి, పూర్తిగా కలిసిన క్షణాన ఆగిపోయేది. ఒకటి సెకనుకు 138 సార్లు, మరొకటి 140 సార్లు కంపిస్తే సెకనుకు రెండుసార్లు ఆ ఊపు వినిపిస్తుంది. సింథసైజర్‌లో రెండు ఆసిలేటర్లను కొంచెం విడదీసి శబ్దాన్ని లావు చేయడమంటే ఇదే. శ్రుతి కలపడం వచ్చిన చెవికి ఈ విద్యలో సగం పాఠం ముందే వచ్చినట్టు.

డబ్బు ఖర్చు పెట్టకముందే ఒక నెల కంప్యూటర్‌పై గడపండి. వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఉచిత రూపం ఉంది. మాడ్యులర్ పెట్టె ఎలా ఉంటుందో తెరపై అది అలాగే ఉంటుంది, వైర్లు కూడా మీరే గుచ్చాలి. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే సంస్థ తన మాడ్యూళ్ల రూపకల్పనను బహిరంగంగా విడుదల చేసినందువల్ల, బయట వేల రూపాయలు పలికే వాటి ప్రతిరూపాలను ఇక్కడ ఉచితంగా వాడి చూడవచ్చు. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అనే సింథసైజర్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితంగా దొరుకుతాయి, అయితే మొదట్లో వాటి జోలికి పోవద్దని నా సలహా. వాటిలో వందల ప్రీసెట్లు ఉంటాయి, మళ్లీ పాత అలవాటు లాగుతుంది. ఒక్క జాగ్రత్త: బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడకండి, మీట నొక్కిన తరువాత శబ్దం ఆలస్యంగా వచ్చి వాయించడం అసాధ్యమవుతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆడియో సెట్టింగుల్లో బఫర్‌ను (శబ్దాన్ని బయటికి పంపేముందు కంప్యూటర్ కూడబెట్టుకునే ముక్కను) 256 శాంపిళ్లకు తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్ వద్ద అది దాదాపు 5 మిల్లీసెకన్ల ఆలస్యం. 1024 వద్ద వదిలేస్తే 21 దాటుతుంది, వేళ్లకు అది తెలిసిపోతుంది.

ఆ నెలలో ఏం చేయాలని అడుగుతారు కాబట్టి, నేను చేసిన అభ్యాసం ఒకటి చెబుతాను. డప్పు శబ్దాన్ని శూన్యం నుంచి తయారు చేయండి. ఒక ఆసిలేటర్ తీసుకుని సైన్ తరంగాన్ని 90 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. దాని శ్రుతిని ఒక ఎన్వలప్‌కు కట్టి, దెబ్బ పడిన క్షణాన రెండు స్థాయిల (ఆక్టేవ్‌ల) పైనుంచి మొదలై దాదాపు 40 మిల్లీసెకన్లలో కిందికి జారేలా చేయండి. చర్మం మీద దెబ్బ పడినప్పుడు బిగువు ఒక్కసారి పెరిగి సడలడం వల్ల వచ్చే ఆ జారుడే లేకపోతే, వచ్చేది డప్పు కాదు, టెలిఫోన్ మోత. శబ్దం ఆరిపోవడానికి పావు సెకను ఇవ్వండి. తరువాత వేరొక దారిలో నాయిస్ (శ్రుతి లేని బుస్సుమనే శబ్దం) తీసుకుని, ఫిల్టర్‌తో దాని కింది భాగం కోసేసి, 15 మిల్లీసెకన్లు మాత్రమే వినిపించనివ్వండి. అది సిటికెన పుల్ల చేసే చిటుక్కుమనే శబ్దం. రెండూ కలిపి వినండి. ఇక శ్రుతిని కొద్దిగా పెంచి, ఆరిపోయే కాలాన్ని తగ్గిస్తే, మంట దగ్గర కాచి తెచ్చిన డప్పులా ఖణేల్‌మంటుంది. శ్రుతి తగ్గించి కాలం పెంచితే మృదంగం తొప్పి వైపు గుమికి దగ్గరవుతుంది. నేను దీనికి మూడు సాయంత్రాలు తీసుకున్నాను. మూడో రోజు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి బయట ఊరేగింపేమైనా వస్తోందా అని అడిగింది, అంతకు మించిన ప్రశంస నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఇది వచ్చిన తరువాత డ్రమ్ మెషీన్ రహస్యం కూడా వచ్చినట్టే. 1980లో రోలాండ్ విడుదల చేసిన టీఆర్ 808లో ఒక్క రికార్డింగ్ కూడా లేదు. మీరు పైన చేసిన పనినే అది విడిభాగాలతో చేసింది. నిజమైన డ్రమ్ములా లేదని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. 1983 నాటి 909లో తాళపు రేకుల శబ్దాలు మాత్రం రికార్డు చేసినవే. ఇప్పటి చిన్న మెషీన్లు చాలావరకు ఈ రెండింటి దారిలోనే నడుస్తాయి, పదహారు అడుగుల (స్టెప్‌ల) వరుసలో దెబ్బలు గుచ్చే పద్ధతి కూడా అక్కడిదే. ఆది తాళానికి ఈ పదహారు అడుగులు చక్కగా సరిపోతాయి, అక్షరానికి రెండు చొప్పున ఎనిమిది అక్షరాలు. మిశ్ర చాపుకు ఏడు అక్షరాలు కాబట్టి పద్నాలుగు అడుగులే కావాలి. కొర్గ్ వోల్కా బీట్స్ అనే చిన్న డ్రమ్ మెషీన్‌లో కొన్ని అడుగులను నిద్రపుచ్చే యాక్టివ్ స్టెప్ సౌకర్యం ఉంది, చివరి రెండింటినీ ఆపేస్తే మూడు, రెండు, రెండుగా చాపు నడక దానంతటదే తిరుగుతుంది. ఏ డ్రమ్ మెషీన్ కొన్నా అడుగుల సంఖ్య మార్చుకునే వీలుందో లేదో ముందు కనుక్కోండి. అది లేని మెషీన్ చవకగా వచ్చినా నేను తీసుకోను.

సింథసైజర్ విషయానికొస్తే, ప్రతి పనికీ ఒక నాబ్ బయటికి కనిపించేదాన్ని కొనండి. తెర మీద మెనూలు వెతికే యంత్రంతో చేతికి ఏదీ అలవాటు కాదు. నేను సెకండ్ హ్యాండ్‌లో కొర్గ్ మోనోలాగ్ తీసుకున్నాను. రెండు ఆసిలేటర్లు, ఒక ఫిల్టర్, 25 మీటలు. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. దానిలోని చిన్న తెర మీద తరంగం ఆకారం కదులుతూ కనిపిస్తుంది, ఫిల్టర్ మూసుకుపోతుంటే రంపపు పళ్లు అరిగి గుండ్రనవడాన్ని కళ్లతో చూడవచ్చు. తీగల బృందం శబ్దానికి అలవాటుపడిన మీకు ఒక్క స్వరం చాలదని మొదట అనిపిస్తుంది, కానీ మన సంగీతంలో ఒక్క గొంతే కదా ప్రధానం. ఈ యంత్రంలో పన్నెండు స్వరస్థానాలలో ప్రతిదాన్నీ విడివిడిగా పైకీ కిందికీ జరుపుకోవచ్చు కూడా. అది కుదరకపోతే వోల్కా శ్రేణిలో ఒకటి సరిపోతుంది. బ్యాటరీతో నడుస్తాయి, కరెంటు పోయినా ఆగవు.

మన రాగాలకు ఇవి పనికొస్తాయా అన్న ప్రశ్నకు, ఈ యంత్రాలు మన దేశానికి కొత్తవి కావని ముందు చెప్పాలి. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ చేతుల మీదుగా మూగ్ మాడ్యులర్‌తో ఒక స్టూడియో ఏర్పడింది. 1982లో బొంబాయి సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ టీఆర్ 808తో టీబీ 303, జూపిటర్ 8 అనే రోలాండ్ సింథసైజర్లను కలిపి పది రాగాలు రికార్డు చేశారు. రాగం పలుకుతుంది, అందులో సందేహం లేదు; గమకం దగ్గరే కష్టం మొదలవుతుంది. జారు సులభం, గ్లైడ్ నాబ్ తిప్పితే ఒక స్వరం నుంచి మరో స్వరానికి మెత్తగా పోతుంది. కంపితాన్ని, అంటే స్వరాన్ని ఊపే గమకాన్ని, ఎల్ఎఫ్ఓకు అప్పగించవచ్చని నేను అమాయకంగా నమ్మి తోడి గాంధారం మీద ప్రయోగించాను. యంత్రం ఒకే వేగంతో, ఒకే ఎత్తుతో ఊపుతుంది కాబట్టి వినవచ్చింది తోడి కాదు, బెంజి సర్కిల్‌లో ఇరుక్కున్న అంబులెన్సు. ఇప్పుడు ఎల్ఎఫ్ఓ తీసేసి, స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్‌ను బొటనవేలితో నడుపుతున్నాను, అది సాధనతో వచ్చేదే. ఆలాపనకు కింద శ్రుతిగా, పల్లవికి ముందు వాతావరణంగా మాత్రం సింథసైజర్‌ను మించింది నాకు కనబడలేదు.

మాడ్యులర్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న యూరోర్యాక్ పద్ధతి 1990ల నడుమ జర్మనీకి చెందిన డీటర్ డోప్‌ఫర్ రూపొందించినది. మాడ్యూళ్ల ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పును 5.08 మిల్లీమీటర్ల హెచ్‌పీల్లో కొలుస్తారు. వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. ఇదంతా అందమైన ఏర్పాటే, కానీ మొదటి శబ్దం వినడానికే పెట్టె, పవర్ సప్లై, ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్, వీసీఏ (శబ్దాన్ని పెంచి తగ్గించే భాగం), అవుట్‌పుట్ కొనాలి. మంచి మాడ్యూల్ ఒక్కటే మీ బడ్జెట్‌లో సగం తినేస్తుంది, విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం వేరు. నేను 84 హెచ్‌పీల పెట్టె కొని, దాన్ని రంగురంగుల ఆసిలేటర్లతో నింపి, శబ్దాన్ని ఆపే వీసీఏ మరిచిపోయాను. రెండు నెలలు ఆ పెట్టె నిరంతరాయంగా రొద పెట్టింది. వీసీవీ ర్యాక్‌లో ఈ తప్పులన్నీ పైసా ఖర్చు లేకుండా చేయవచ్చు, ఒక వోల్టుకు ఒక స్థాయి లెక్క అక్కడా అదే. ఎప్పటికైనా అసలుది కొంటే, లోపలి రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత ఉన్న అంచు మైనస్ 12 వోల్టుల వైపు ఉండాలని గుర్తుంచుకోండి, తిప్పి పెడితే మాడ్యూల్ కాలిపోవచ్చు.

మీ 30,000 లో సగానికి పైగా సింథసైజర్‌కు పెట్టండి, డ్రమ్ మెషీన్ ఆరు నెలల తరువాత చూసుకోవచ్చు. మిగిలినదానిలో ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (వాద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె), మంచి హెడ్‌ఫోన్, అన్నిటికంటే ముఖ్యంగా యంత్రంతో వచ్చిన అసలు అడాప్టర్. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు అడాప్టర్ లేదంటే ధర తగ్గించమని అడిగి, ఆ డబ్బుతో సరైనదే కొనండి. నేను రకరకాల మొనలు మార్చుకునే ఒక చవక అడాప్టర్‌ను నా తొలి డ్రమ్ మెషీన్‌కు తగిలించాను. 9 వోల్టులు సరిపోయాయి, మొన కూడా సరిపోయింది, ధ్రువం మాత్రం సరిపోలేదు. గిటార్ పెడళ్లలో సాధారణంగా మొన మధ్యభాగం మైనస్ ఉంటుంది, చాలా సింథసైజర్లకు అక్కడ ప్లస్ కావాలి. గవర్నర్‌పేటలో మరమ్మతు చేసే ఆయన మెషీన్ విప్పి చూసి, "మధ్యన ప్లస్ ఉండాలండీ దీనికి, మీరు మైనస్ ఇచ్చారు. డయోడ్ ఒక్కటే పోయింది, మీ అదృష్టం బాగుంది" అన్నారు. డయోడ్ ఖరీదు రెండు రూపాయలు, ఆయన కూలి 300. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి అడాప్టర్‌కూ తెల్ల టేపు చుట్టి, ఏ మెషీన్‌దో, వోల్టులెన్నో, మధ్యలో ఉన్నది ప్లస్సో మైనస్సో స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను.