పోలీసు చెయ్యి ఊరుకుంటుందా?

ప్రశ్న: కెనడా పార్లమెంటులో మార్షల్ లాంటి ఒకాయన దుండగుణ్ణి కాల్చేశాడంట, తర్వాత రాయబారి కూడా అయ్యాడంట, మా అబ్బాయి చెప్పాడు. నిజమేనా అండీ? మన దగ్గర మార్షల్స్ అంటే ఎమ్మెల్యేలని ఎత్తుకెళ్ళి బయట పెట్టడమే కదా! - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిజమేనండీ, ఆయన కెవిన్ వికర్స్. కెనడా ఫెడరల్ పోలీసులో 29 ఏళ్ళు చేసి, 2006లో దిగువ సభకి సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ అయ్యాడు. అంటే నల్ల కోటు, నడుముకి కత్తి, స్పీకర్ ముందు భుజం మీద బంగారు గద పెట్టుకుని నడవడం, చూసేవాళ్ళకి అదేదో నాటకం వేషంలా ఉంటుంది గానీ సభ సెక్యూరిటీ కూడా అప్పట్లో ఆయన చేతిలోనే ఉండేది. సిక్కుల కృపాణం లోపలికి రానివ్వాలా వద్దా అని 2011లో గొడవైతే రానివ్వాలనే అన్నాడు, ఇది నాకు కాల్పుల కంటే ఎక్కువ నచ్చిన విషయం. ఇక 2014 అక్టోబరు 22న ఒట్టావాలో యుద్ధ స్మారకం దగ్గర కాపలా ఉన్న నేథన్ సిరిల్లో అనే సైనికుణ్ణి కాల్చి చంపిన వాడు పార్లమెంటులోకి దూరాడు, వికర్స్ తన ఆఫీసులోంచి పిస్టల్ తీసుకుని వచ్చి కాల్చాడు, పోలీసులూ కాల్చారు, వాడు అక్కడే చచ్చాడు. మర్నాడు ఈయన మళ్ళీ అదే గద పట్టుకుని సభలోకొస్తే అందరూ లేచి నిలబడి ఒకటే చప్పట్లు. 2015లో ఐర్లండ్‌కి రాయబారిగా పంపారు.

అక్కడ ఊరుకున్నాడా? 2016 మేలో డబ్లిన్‌లో, 1916లో బ్రిటిష్ పాలన మీద ఐరిష్ వాళ్ళు చేసిన ఈస్టర్ తిరుగుబాటులో చనిపోయిన బ్రిటిష్ సైనికుల సంస్మరణ జరుగుతుంటే ఒకడు అరుస్తూ ముందుకొచ్చాడు, పోలీసులు కదిలేలోపే రాయబారిగారే వెళ్ళి పట్టేసుకున్నాడు! సూటు మారిందంతే.

ప్రశ్న: మరి అంత పేరున్నాయన రాజకీయాల్లో నెగ్గాడా? - అదే పాఠకుడు

జవాబు: లేదండీ. 2019లో కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో లిబరల్ పార్టీకి పోటీ లేకుండా లీడరయ్యాడు, 2020 సెప్టెంబరు ఎన్నికల్లో 49 సీట్లలో పార్టీకి 17 వచ్చాయి, సొంతూరు మిరమిషీలో ఈయనే ఓడిపోయాడు, ఆ రాత్రే పదవి వదిలేశాడు. చప్పట్లు కొట్టడానికి సభ మొత్తం లేస్తుంది, ఓటు దగ్గరికొచ్చేసరికి జనం ఆసుపత్రి సంగతేంటి, రోడ్డు సంగతేంటి అనడుగుతారు కదా, అక్కడ పిస్టల్ ఏం పనికొస్తుంది చెప్పండి.